అచ్చమ్మ పంపిన బోండాలు

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు ఆనంద్ పాల్ గారు జేబులోంచి కాగితం తీసి చదివారు. కెనడా సంఘం వాళ్ళు ఎనిమిది మంది ఏలూరులో దిగారట. బుధవారం మన ఊరొచ్చి, బడి చూసి, చర్చిలో పాట పాడి, ఆపైన అయిదిళ్ళలో ప్రార్థన చేస్తారట. అయిదిళ్ళ పేర్లూ చదివారు. అందులో అచ్చమ్మ ఇల్లు లేదు.

ఎందుకు లేదో అచ్చమ్మకి తెలుసు. కిందటేడు రాజమండ్రి నుంచి వచ్చిన ప్రసంగీకుడికి అన్నం వడ్డిస్తూ, జుట్టుకి రంగేసి మీసాన్ని ఎందుకు వదిలేశారండీ అని అడిగింది. ఆయన పెరుగు దాకా రాకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

"మీకు మోకాలి ఆపరేషనైంది కదండీ, శ్రమ పెట్టకూడదని," అన్నారు పాస్టరు గారు మెత్తగా.

"నోటికి కాలేదు కదండీ," అంది అచ్చమ్మ.

"అందుకేనండీ," అన్నారాయన.

నిజానికి ఈసారి ఆవిడ దగ్గర ఉన్నది ఒక్కటే ప్రశ్న. జంగారెడ్డిగూడెంలో చెల్లెలు ఎస్తేరు ఇల్లు కట్టుకుని రెండేళ్ళయింది. అచ్చమ్మ ఇంకా ఆ గడప తొక్కలేదు. వెళ్తానన్నప్పుడల్లా మొగుడు సత్యానందం, "మరి నాకు టీ ఎవరు పెడతారే," అంటాడు. కోపంగా అనడు. బస్సుకి అడ్డంగా చాప వేసుకు పడుకున్నట్టు అంటాడు. ఇప్పుడు పక్కింటి జ్యోత్స్న ఫోనులో ఆ వచ్చేవాళ్ళ ఫోటో చూపించింది. అయిదుగురు ఆడవాళ్ళు, అందరూ తల నెరిసినవాళ్ళే. సముద్రాలు దాటి వచ్చారు. వీళ్ళంతా మొగుళ్ళకి ఏం చెప్పి వచ్చి ఉంటారు? ఇది తెలుసుకోకపోతే ఇక చెల్లెలిల్లు చూసే దారి దొరకదనిపించింది అచ్చమ్మకి.

మంగళవారం చెట్లెక్కే అబ్బులుని పిలిపించి నలభై కొబ్బరి బోండాలు దింపించింది. ఇంటికి ఎనిమిది చొప్పున ఆ అయిదిళ్ళకీ పంపింది. పరాయి నీళ్ళు తాగితే పాపం వాళ్ళకి పడదు, దాహమంటే బోండమే ఇవ్వండి, వద్దన్నా వదలకండి అని చెప్పి పంపింది. పాస్టరు గారు ఆ సంగతి విని, మనసు మారిందని సంతోషించి, ఆవిడ పేరెత్తి ప్రార్థన కూడా చేశారు.

ఆ అయిదిళ్ళలోనూ ఉన్నవి నేల మీద గొంతుక్కూర్చునే మరుగుదొడ్లే. ఊరు మొత్తానికి కుర్చీలా కూర్చునే కమోడ్ ఉన్నది అచ్చమ్మ ఇంట్లోనే. మోకాలి ఆపరేషనయ్యాక డాక్టరు గారు పెట్టించుకోమన్నారు. బుధవారం పొద్దున్నే దాన్ని ఫినాయిలు పోసి కడిగింది. కొత్త సబ్బు విప్పింది, ఉతికిన తువ్వాలు తగిలించింది. బోండాల సంగతి దేవుడి దగ్గర ముందే ఒప్పేసుకుని, వీధరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది.

మొదటింట్లో వాళ్ళు నవ్వుతూ తాగారు. రెండో ఇంట్లో మొహమాటానికి తాగారు. మూడో ఇంట్లో ప్రార్థన చాలా పొట్టిగా అయిపోయింది. కాసేపటికి పాస్టరు గారమ్మాయి షారోన్, బళ్ళో ఇంగ్లీషు టీచరు, పరుగులాంటి నడకతో వచ్చింది. వెనకాలే పెదాలు బిగపట్టుకుని ఒక పెద్దావిడ.

"అచ్చమ్మ గారూ, డోరిస్ గారికి మోకాళ్ళు వంగవండీ. మీ బాత్రూం ఒక్కసారి..."

"అయ్యో, దానికేముందమ్మా," అంది అచ్చమ్మ, తలుపు అప్పటికే తీసి ఉండగా.

ఒకరి తరవాత ఒకరు ఎనిమిది మందీ వచ్చారు. వాళ్ళ వెంట పాస్టరు గారూ రాక తప్పలేదు. డోరిస్ బయటికొచ్చి మంచం మీద కూలబడి, గౌను కాస్త పైకి లాగి మోకాలి మీద కుట్లు చూపించింది. అచ్చమ్మ చీర ఎత్తి తనవి చూపించింది. ఎవరివి పొడుగో ఇద్దరూ వేళ్ళతో కొలుచుకున్నారు. అప్పుడు అడిగింది అచ్చమ్మ.

"అమ్మాయ్ షారోన్, మీ ఆయనకి ఏం చెప్పి వచ్చారని అడుగు."

షారోన్ తండ్రి మొహం చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరు చదువుతున్నారు. చేసేది లేక అడిగింది. డోరిస్ పడీ పడీ నవ్వి ఏదో చెప్పింది. షారోన్ కి తెలుగు చెయ్యడానికి కాసేపు పట్టింది.

"ఏమీ చెప్పలేదటండీ. అడిగితే వద్దంటాడని ఫ్రిజ్ తలుపు మీద చీటీ అంటించి వచ్చేశారట. కాఫీ పొడి ఎక్కడుందో అందులో రాశారట."

గుమ్మంలో నిలబడ్డ సత్యానందానికి ఆ మాట వినపడింది గాని, అది తన ఇంటికి సంబంధించిన మాట అనుకోలేదు.

గురువారం తెల్లారాక లేచి, ఇల్లు నిశ్శబ్దంగా ఉందేమిటా అని వంటింట్లోకి వెళ్ళాడు. ఫ్రిజ్ మీద అన్నం మెతుకులతో అంటించిన కాగితం ఉంది. అచ్చమ్మ అయిదో తరగతి నాటి గుండ్రటి అక్షరాలు.

"టీ పొడి ఎర్ర మూత సీసా. పంచదార దాని పక్కన. పాలు పొంగితే పొయ్యి ఆపాలి. ఎస్తేరు దగ్గరికి పోతున్నాను."

ఎప్పుడొస్తుందో రాయలేదు. సత్యానందం కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

ఆ వేళకి జంగారెడ్డిగూడెం బస్సు ద్వారకా తిరుమల దాటుతోంది. పక్కసీటావిడ పేరు, జీతం, కోడలు పుట్టింటికి ఎందుకెళ్ళిందీ అచ్చమ్మకి తెలిసిపోయాయి.