చెంచాతో పెట్టిన వాత

ఆ ఆదివారం మా అమ్మాయి విమలకు స్నానం చేయించి కాళ్ళు తుడుస్తుంటే నా బొటనవేలు దాని పాదం మీద కాస్త గట్టిగా ఒత్తుకుంది. వేలు తీశాను. గుంట అలాగే ఉండిపోయింది. రెండో పాదం కూడా నొక్కి చూశాను. అక్కడా గుంటే. దానికప్పుడు ఇరవై నెలలు. తట్టు పోసి చిక్కిపోయిన పిల్ల బుగ్గలు నిండాయని అంతకు ముందు రెండు వారాలుగా ఇంటికొచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు. మేమూ మురిసిపోతున్నాం. అది కండ కాదు, నీరు.

మేం చేసిన పనేమిటో ముందే చెబుతాను. నేను అనకాపల్లిలో ఆడపిల్లల బడిలో టీచర్ని. పురిటి సెలవు అయిపోగానే పిల్లకు చనుబాలు మాన్పించాను. తట్టు పోసినప్పుడు మా అత్తగారు పథ్యం పెట్టారు. పప్పు వేడి, గుడ్డు వేడి, ఆవుపాలు కఫం. ఇక మిగిలింది గంజి, సగ్గుబియ్యం జావ, అందులో కాస్త బెల్లం. తట్టు తగ్గి నెలన్నర దాటినా పథ్యం మాత్రం ఎత్తెయ్యలేదు. దేవుళ్ళను కూడా నిలదీస్తానని వేదికల మీద చెప్పుకునే నేను ఆ జావగిన్నెను ఒక్క ప్రశ్న అడగలేదు. బడి నుంచి అలసి వచ్చేదాన్ని. జావ సులువు. అంతే.

మా వీధి చివరి డాక్టరు గారు పిల్ల కాళ్ళు నొక్కి, కనురెప్ప దించి చూశారు. "ఈడిమా అమ్మా, నీరు పట్టింది. ఒంట్లో ప్రోటీన్ లేదు. మాంసం పెట్టండి, గుడ్డు పెట్టండి, పాలు, పప్పు..." అన్నారు. నేను మాంసం దగ్గరే ఆగిపోయాను. మిగతావి చెవిన పడ్డాయి గాని బుర్రకెక్కలేదు. ఎందుకెక్కలేదో తెలియాలంటే మా పెళ్ళి సంగతి చెప్పాలి.

మాది బ్రాహ్మణ కుటుంబం. మా నాన్న సంస్కరణవాది. చిన్నప్పటి నుంచీ నన్ను చర్చాసభలకు తీసుకెళ్ళి, "తప్పనిపిస్తే లేచి అడుగు" అని నేర్పిన మనిషి. నా భర్త రమణ దేవరాపల్లి వైపు చెరకు రైతుల బిడ్డ, ఇక్కడ బెల్లం మార్కెట్లో గుమాస్తా. మంత్రాలు లేకుండా దండలు మార్చుకున్నాం. కులం రక్తంలో ఉండదని ఆ సభలోనే నిలబడి మాట్లాడాను. మాటతో సరిపెట్టలేదు. మాంసం వండడం నేర్చుకున్నాను, తినడం నేర్చుకున్నాను. మొదటిసారి వాంతయితే నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చుని తిన్నాను.

ఆ సాయంత్రమే మాంసం మెత్తగా ఉడికించి, నలిపి, అన్నంలో కలిపి విమల నోటికి అందించాను. ఉమ్మేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఉమ్మింది.

గుమ్మంలో కూర్చున్న అత్తగారు నవ్వారు. "ఓలమ్మా! పంతులు రగతం ఎక్కడికి పోద్ది? దానికి నీసు వాసనే పడతం నేదు సూడు."

"రక్తానికి మాంసమూ తెలీదు, పప్పూ తెలీదు అత్తయ్యా. అంతా అలవాటు."

"అయితే అలవాటు సెయ్యి. నానొద్దన్నానేటి?"

రెండు రోజుల తర్వాత మా పిన్ని చూడవచ్చింది. సంగతి విని ఆమె కళ్ళు మెరిశాయి. "చూశావే శారదా! పూర్వజన్మ సంస్కారం. పసిదానికి తెలిసింది నీకు తెలియలేదు."

ఒకే పంక్తిలో భోంచెయ్యని రెండు కులాలూ నా కూతురి నోటి దగ్గర ఏకమయ్యాయి. పిల్ల ఒంట్లో నీరు చేరుతోంది, నా తలకెక్కింది మాత్రం పంతం. అది మాంసం తినాలి. బతకడానికే కాదు, నా మాట నిజమని రుజువు చెయ్యడానికి తినాలి.

ఆ తర్వాత నేను చేసింది దాచకుండా రాస్తున్నాను. పిల్ల చేతులు తువ్వాలుతో కట్టాను. కాళ్ళు నా మోకాళ్ళ మధ్య ఇరికించాను. ముక్కు మూశాను. ఊపిరి కోసం నోరు తెరవగానే చెంచా కుక్కాను. అది నా వేలు రక్తం వచ్చేలా కొరికింది. నేను చెంప మీద కొట్టాను. చెంచా అంచు తగిలి పెదవి చీలింది. ఆ రక్తంతోనే తర్వాతి ముద్ద పెట్టాను.

"ఒగ్గీ శారదా, ఒగ్గీ! పిల్ల సచ్చిపోద్ది!" అని రమణ నా జబ్బ పట్టి లాగాడు.

"తినకపోతే చస్తుంది!"

అతను గిన్నె లాక్కుని పెరట్లోకి విసిరేశాడు. నేను కుండలోంచి ఇంకో గిన్నెలోకి వడ్డించుకున్నాను. ఇలా రోజుకు మూడు పూటలు. వారం తిరిగేసరికి చెంచా చప్పుడు వింటేనే విమల వణికేది. అంతకుముందు తాగే జావ కూడా మానేసింది. పిక్కల మీద చర్మం నల్లబడి పాత సున్నంలా పెచ్చులూడింది. జుట్టు ఎర్రబడింది, పట్టుకుంటే చేతిలోకి వచ్చేది. ఊడుతున్నా అది ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే నన్ను మరీ భయపెట్టింది. భయం వేసినకొద్దీ ఇంకా గట్టిగా కుక్కాను.

పదకొండో రోజు బడి నుంచి వచ్చేసరికి పెరట్లో కుంపటి రగులుతోంది. వాతలు పెట్టే ముసలమ్మ ఇనప చువ్వ ఎర్రగా కాలుస్తోంది. అత్తగారు విమల గౌను పైకెత్తి పొట్ట చూపిస్తూ పట్టుకున్నారు. పిల్లకు బాలగ్రహం పట్టిందట! వాత పెడితే పోతుందట! నేను ఉరికి ఆ చువ్వ లాక్కున్నాను. అరచెయ్యి చుర్రుమని కాలింది. కుంపటిని కాలితో తన్నాను. నిప్పులు పెరడంతా చెదిరాయి. ముసలమ్మ చీర పైకెత్తుకుని పరుగెత్తింది.

"పసిపిల్లను కాల్చడానికి చేతులెలా వచ్చాయి?" అని అరిచాను.

అత్తగారు కదల్లేదు. "నువ్వు సేత్తన్న దానికన్నా ఇదే నయం. ఇది ఒక్కపాలి సుర్రుమంటాది. నువ్వు దినానికి మూడుపాల్లు సంపుతన్నావు."

అది నాకు మూఢురాలి మాటగా వినిపించింది. గంట తిరక్కుండా, చేతికి గుడ్డ చుట్టుకుని, మాంసం ఉడికించిన నీళ్ళు పిల్ల గొంతులో పోశాను. అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. విమల పెదవులు నీలమయ్యాయి. రమణ దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు చరిస్తే గాని ఊపిరి అందలేదు. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, ప్రతి ఊపిరికీ డొక్కలు లోపలికి పోతున్నాయి. మొదటి బస్సుకి విశాఖపట్నం తీసుకెళ్ళాం.

పిల్లల వార్డులో లేడీ డాక్టరు మొదట పొట్ట చూశారు. "వాతలు లేవు. గుడ్. వాతలు లేని పొట్ట చూసి చాలా రోజులైంది" అన్నారు.

ఒడిలో పిల్ల చావుకు దగ్గరగా ఉంది. అయినా నాకు గర్వం వేసింది! కాలిన అరచెయ్యి చాపి, "నేనే ఆపాను డాక్టర్" అన్నాను.

ఆమె టార్చి వేసి పిల్ల నోరు తెరిచారు. పెదవి రెండు చోట్ల చీలి ఉంది. చిగుళ్ళు కమిలి ఉన్నాయి. బుగ్గల మీద నా వేళ్ళు నల్లగా అచ్చుపడి ఉన్నాయి. ఆమె టార్చి ఆర్పారు.

"మరి ఇది ఎవరు పెట్టిన వాత?"

రమణ నేల చూస్తున్నాడు. "నేనే" అన్నాను. "మాంసం తినడం లేదు డాక్టర్. ప్రోటీన్ కావాలన్నారు."

"మాంసమే పెట్టమని ఎవరన్నారు? శనగల్లో లేదా? వేరుశనగలో లేదా? పాలల్లో లేదా? మీరు పిల్లకి తిండి పెట్టలేదమ్మా. పిల్ల నోట్లో ఎవరితోనో పోట్లాడారు."

క్వాషియార్కర్ అన్నారు, ప్రోటీన్ చాలక ఒళ్ళు నీరు పట్టే జబ్బు. నా పుణ్యమా అని దానికి తోడు న్యుమోనియా. పెన్సిలిన్ సూదులు, ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్, అందులో గంటల లెక్కన కొంచెం కొంచెం వెన్న తీసిన పాలు. నాలుగో రోజు విరేచనాలు పట్టుకుని ఒళ్ళు చల్లబడింది. రెండు రోజులు పిల్ల మాకు దక్కుతుందో లేదో తెలియలేదు. ఆ గండం దాటింది. అప్పుడు నీరు దిగడం మొదలైంది. నీరు దిగిన పిల్లను చూడడం అన్నిటికన్నా కష్టం. బుగ్గలు పోయాయి, తొడలు పోయాయి. ఎముకల మీద వదులుగా వేలాడే చర్మం మిగిలింది.

ఆ రోజే అత్తగారు వచ్చారు. చూస్తూనే గుండెలు బాదుకున్నారు. "పిల్లని పీల్చి పిప్పి సేసేరు! నా పిల్లని నాకిచ్చీండి!" అంటూ ట్యూబ్ పీకబోయారు. నర్సు ఒక చెయ్యి పట్టుకుంది. నేను రెండో చెయ్యి పట్టుకుని తోశాను. ఆమె వెళ్ళి మంచం ఇనప కోడుకి కొట్టుకున్నారు. లేచి నా జుట్టు పట్టుకున్నారు. వార్డులో తల్లులంతా లేచి నిలబడ్డారు.

లేడీ డాక్టరు మా ఇద్దరి మధ్యకు వచ్చి అత్తగారి భుజం మీద చెయ్యి వేశారు. "చూడు మామ్మా. నీరు దిగింది. పిల్ల అసలు ఇంతే ఉంది. ఇన్నాళ్ళూ మీరు చూసి మురిసింది నీటిని."

అత్తగారు నేల మీద కూలబడ్డారు. "అయితే ఏటి పెట్టాల సెప్పండి" అన్నారు. నేను మొదటి రోజే వెయ్యాల్సిన ప్రశ్న అది.

వేయించిన శనగపప్పు రెండు పాళ్ళు, పొట్టు తీసి వేయించిన వేరుశనగ ఒక పాలు, కలిపి మెత్తగా దంచి, బెల్లం చేర్చి పాలతో ముద్ద చెయ్యమన్నారు. పలుకు ఉండకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. అత్తగారే వేయించి, దంచి, జల్లించారు. ట్యూబ్ తీసిన రోజున నేను చెంచా అందుకోగానే విమల కీచుమంది.

"చెంచా పడెయ్యండి. మీరు దూరంగా జరగండి. పళ్ళెం దాని ముందు పెట్టి అటు తిరిగి కూర్చోండి" అన్నారు డాక్టరు.

మొదటి రోజు ముట్టుకోలేదు. రెండో రోజు వేలితో పొడిచి చూసిందట. మూడో రోజు వెనకాల పళ్ళెం కదిలిన చప్పుడయింది. నేను మెడ తిప్పబోయాను. అత్తగారు నా జబ్బ గట్టిగా గిల్లారు.

"తిరక్కే! తింతంది."

"మీరెందుకు చూస్తున్నారు మరి?"

"నానేటి దాని ముక్కు మూసేనా?"

విమల కోలుకుంది. ఇప్పుడు దానికి ఆరేళ్ళు, బడికి వెళుతోంది. పప్పు, పాలు, శనగలు తింటుంది. గుడ్డు నాలుగో ఏట దానంతట అదే అడిగింది. మాంసం మాత్రం నేటికీ ముట్టదు. పిన్ని సంస్కారం అంటుంది, అత్తగారు రగతం అంటారు. ఇద్దరితోనూ ఇప్పటికీ గట్టిగానే వాదిస్తాను, కులం రక్తంలో లేదు గాక లేదు. కానీ ఆ వాదానికి నా కూతురి కంచాన్ని సాక్ష్యానికి పిలవను.

అన్నీ నయమయ్యాయని అబద్ధం చెప్పను. ఆసుపత్రి నుంచి వచ్చాక చాలా రోజులు అది నా ఒడిలోకి రాలేదు. ఈనాటికీ నేను పక్కనుంచి గబుక్కున చెయ్యెత్తితే రెండు చేతులతో నోరు మూసుకుంటుంది. దీనికి ఏ డాక్టరూ మందు రాయలేదు.

ఇది చదివే తల్లులకు ఒక్కటే చెబుతాను. డాక్టరు ఒక తిండి పేరు చెప్పగానే లేచి వచ్చెయ్యకండి. కూర్చోండి. "పిల్ల అది తినకపోతే బదులేం పెట్టాలి?" అని అడగండి. చెప్పినవన్నీ కాగితం మీద రాయించుకోండి. మీరెంత చదువుకున్నవాళ్ళయినా సరే, రాయించుకోండి.