యావయ్ ఎడమచేయి

ఉలాయ్ లోయలో వేడినీళ్ళకు కొదవలేదు. ఏ రాయి ఎత్తినా కింద ఆవిరే. ఆ నీళ్ళనే నమ్ముకుని యావయ్ ముసలితనం దాకా బతికింది. నది ఒడ్డున గావ్ అనే బయటివాడు కట్టిన స్నానాల సత్రంలో తొట్లు తోమడం ఆమె పని. తోమీ తోమీ ఆమె అరచేతులు ఉడికిన ముల్లంగిలా తెల్లబడ్డాయి.

కొసన ఉన్న రాతితొట్టి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆమెకు మగ్గం చప్పుడు వినిపించేది. టక్, టక్, టక్. కాళ్ళు చాపుకుని, బోలుదుంగను పాదాలతో అదిమిపెట్టి నేసే మగ్గం అది. ఈ ఒడ్డున అలా నేసిన చివరి మనిషి ఆమె తల్లి పిసుయ్. ఆవిడ పోయి ఏళ్ళు గడిచాయి.

"గొట్టంలో గాలి చేరింది, అంతే," అన్నాడు గావ్. "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నీ చెవుల్లోకి నీళ్ళు పోయాయి ముసలీ."

"మీ గొట్టానికి మా యాయా చేతివాటం ఎలా వచ్చింది బాబూ? మూడు దెబ్బలు కొట్టి ఆగుతుంది, దారం సర్దుకోవడానికి. అచ్చం మా అమ్మే."

గావ్ విసుక్కుంటూ గొట్టం మార్పించాడు. చప్పుడు మాత్రం పోలేదు.

ఆ తొట్టి ఉన్నచోట ఒకప్పుడు ఊటగుంట ఉండేది. పిసుయ్‌కి కాళ్ళు పడిపోయాక యావయ్ ఆమెను బుట్టలో కూర్చోబెట్టి, బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని రోజూ అక్కడికి మోసుకెళ్ళేది. చెవి నుంచి నోటి దాకా పచ్చబొట్టు పరుచుకున్న ఆ ముఖాన్ని మెల్లగా కడిగేది. బతుకంతా ఎర్రదుంప రసంలో దారం ముంచి ఎర్రబడిన ఆ అరచేతులను పీచుతో రుద్దేది.

"చేతులొదిలెయ్యవే," అనేది తల్లి.

"ఎన్నాళ్ళ మురికో యాయా! ఉండు, చంటిపిల్లలా గోల చెయ్యకు."

పిసుయ్ ఎవరి మాటా పడని మనిషి. కూతురి ముచ్చట చూసి మాత్రం చేతులు అప్పగించి ఊరుకునేది.

ఆవిడ పోయిన రోజు ఊరిపెద్ద ఒకాయన వచ్చి అలవాటుగా అరచేయి తిప్పి చూశాడు. తెల్లగా ఉంది. వేళ్ళు ముడిచి పైన గుడ్డ కప్పాడు. అప్పుడు గుర్తొచ్చాయి యావయ్‌కి చిన్నప్పుడు విన్న మాటలు. పోయినవాళ్ళు ఇంద్రధనుస్సు వంతెన దాటాలి. వంతెన మొదట్లో పీత కాపలా ఉండి చేతులు రుద్ది చూస్తుంది. నేసిన చేతికి ఎరుపు ఉంటేనే దారి. లేకపోతే అవతల పెద్దలు ఎంత పిలిచినా ఇవతలే పడి ఉండాలి. పీత రుద్ది చూడాల్సిన చేతుల్ని తానే రుద్ది, మురికనుకుని ఆ ఎరుపంతా పోగొట్టింది. ఆ రోజు గుండెలో పడ్డ రాయి మళ్ళీ కదల్లేదు.

తొట్టి కింద అమ్మ ఎందుకు నేస్తోందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. పోయిన రంగు తెచ్చుకోవాలని నేస్తోంది. కాని అక్కడ ఎర్రదుంప ఎవరిస్తారు?

ఆమె తమ్ముడి మనవరాలు లబి ఆ ఏడే పై ఊళ్ళో నేత నేర్చుకుని వచ్చి ఇంట్లో మగ్గం పెట్టింది. యావయ్ వెళ్ళి గడపలో చతికిలబడింది.

"నాకూ నేర్పవే."

"ఇప్పుడా యాకీ?" లబికి నవ్వాగలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా బామ్మా?"

"కాలితే బాగానే ఉండును. వెలిసిపోయాయే."

సత్రం పని మానేసింది. "తొట్లు ఎవరు తోముతారు?" అని గావ్ ఇంటికొచ్చి అరిచాడు. "నీకూ రెండు చేతులున్నాయిగా బాబూ," అంది. చలికాలమంతా నేసింది. నేసినదాని కంటే లబి విప్పించిందే ఎక్కువ. ఎలాగో ఒక వంకర గుడ్డ తయారైంది. దారం ముంచినప్పుడల్లా ఎడమచేతిని రంగులోంచి తీసేదే కాదు.

"అదెందుకు యాకీ అంతసేపు నానబెడతావ్?"

"కుడిది నాది. ఎడమది మా అమ్మది. అక్కడికెళ్ళి ఆవిడ పక్కన నిలబడి పీతకి ఇది చూపిస్తా. ఆవిడ కన్న చెయ్యే కదా ఇది!"

"పీత ఒప్పుకోకపోతే?"

"ఇద్దరం ఇవతలే కూర్చుంటాం. ఇన్నాళ్ళూ ఒక్కతే కూర్చుంది." అప్పటిదాకా నవ్వుతున్న ముసలిది ఒక్కసారిగా ఏడ్చేసింది. "చేతులొదిలెయ్యమంది లబీ. నేను వినలేదు."

ఆపైన యావయ్ వేడినీళ్ళలో చెయ్యి పెట్టలేదు. లబియే ముఖం కడిగేది, అన్నం కలిపి పెట్టేది.

కొర్ర విత్తే రోజుల్లో యావయ్ పోయింది. ఊళ్ళోని చర్చి ఆడవాళ్ళు ఎంతో ప్రేమగా, ఆమె తోమిన తొట్టిలోంచే నీళ్ళు ముంచి తెచ్చారు. లబి బకెట్టుకు అడ్డం నిలబడింది.

"ముఖం తుడవండి. కాళ్ళు తుడవండి. చేతులు ముట్టుకోవద్దు."

"ఇంత మురికితో ఎలా పంపుతాం తల్లీ?" అంది ఒకావిడ.

"అది మురికి కాదత్తా," అంది లబి.

వాళ్ళు వెళ్ళాక వంకర గుడ్డ కప్పింది. కుడిచేతిని గుండెల మీద ఉంచింది. ఎడమచేతిని మాత్రం, ఎవరైనా పట్టుకోవడానికి వీలుగా, వేళ్ళు ముడవకుండా గుడ్డ బయట వదిలింది.

అప్పుడు కింద సత్రం వైపు నుంచి వినిపించింది. టక్, టక్, టక్. యావయ్ నోట ఎన్నోసార్లు విన్నా, లబి ఆ చప్పుడు స్వయంగా వినడం అదే మొదటిసారి. దారం సర్దుకోవడానికి ఆగిందనుకుని ఎదురుచూసింది. మళ్ళీ మొదలవలేదు.