మాస్టారు గొంతు సవరించుకుంటే

మా సంగీతం మాస్టారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను శృంగవరపుకోట సంతలో పనసకాయ బేరమాడుతున్నాను. కాయ అక్కడే వదిలేసి నెల్లిమర్ల బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన పాట గుర్తు రాలేదు. ఆయన గొంతు సవరించుకున్న చప్పుడే వినిపించింది.

మాస్టారు ఒక్క సినిమాలోనే నటించారు. ఇంటిల్లిపాదినీ వణికించే తండ్రి కథ అది. తండ్రి ఆయన, కూతురు నేను. మాస్టారు చీమకైనా అపకారం తలపెట్టని మనిషి. శ్రుతి తప్పిన పిల్లల్ని కోప్పడాల్సి వస్తే ముందు తనే నొచ్చుకునేవారు. ఈయనేం భయపెడతారని మేం నవ్వుకున్నాం. డైరెక్టరు గట్టిగా అరవమంటే, "అరవడమేటి బాబూ. అరిసేవోడికి ఇంట్లో ఎవులూ అంత భయపడరు," అన్నారు.

ఆ షాటులో మేం అన్నాలు తింటుంటాం. మాస్టారు కనబడరు. చీకటి అరుగు మీద నుంచి చిన్నగా గొంతు సవరించుకుంటారు, అంతే. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎంత బాగా చేశావని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. నేను చేసిందేముంది, భయమేసింది. షాటవగానే ఆయన లోపలికొచ్చి, "ఒసే, తినే. పప్పు సల్లారిపోతంది," అన్నారు మామూలుగా.

విజయనగరంలో సినిమా ఆడినప్పుడు మాస్టారు వాళ్లమ్మగారిని కూడా తీసుకొచ్చారు. మామ్మకి కళ్లు సరిగా ఆనవు కానీ, పాము చెవులు. ఆ చప్పుడు రాగానే కుర్చీలోంచి లేచిపోయింది. తల మీదికి కొంగు లాక్కుని గోడ వైపు తిరిగి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమంటున్నా కదల్లేదు.

"అమ్మా, నేనేనే. సినిమా అది," అని మాస్టారు చెయ్యి పట్టుకున్నారు.

"అది మీ నాన్న సప్పుడు. నీకెలగ తెలిసిందిరా? ఆయన పోయేసరికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు," అంది మామ్మ.

ఆ తండ్రి ఎలాంటివాడో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ చప్పుడు ఎక్కడిదని తర్వాత మాస్టారినడిగాను. "ఏమోనే. ఆ అరుగెక్కేసరికి అది గొంతులోకి వచ్చీసింది. ఎక్కడిదో నాకూ తెల్దు," అన్నారు.

మళ్లీ ఎవరు వేషమిస్తామన్నా ఒప్పుకోలేదు. అయినా మామ్మకి సొంతింట్లోనే బెదురు పట్టుకుంది. వాకిట్లో అలికిడైతే చాలు, కొంగు తల మీదికి వెళ్లేది. కొడుకు అడుగుల చప్పుడుకి కూడా. అందుకని మాస్టారు వీధి మొదట్లోంచే పాడుకుంటూ వచ్చేవారు, వచ్చేది తనేనని తల్లికి తెలియాలని. పాడే మనిషి గొంతు సవరించుకోకుండా ఎలా ఉంటాడు? ఆయన ఉన్నారు. పాఠం మధ్యలో గరగరమన్నా మంచినీళ్లు తాగి మింగేసేవారు. ఆయన నేర్పిన పాటలకి నేను రుణపడి ఉన్నాను. ఆ మింగేసిన దానికి మాత్రం రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

పదో రోజున చుట్టాల్లో ఎవరో మాస్టారిని చూడాలనిపించి ఫోనులో ఆ సినిమా పెట్టారు. ఆపండని నేను లేచేలోపే ఆ చప్పుడు వచ్చేసింది. అందరం మామ్మ వైపు చూశాం.

మంచం మీద మామ్మ చెయ్యి కొంగు దాకా వెళ్లి ఆగింది. తల వంచి కాసేపు విన్నది. తర్వాత కొంగు వదిలేసి, మెల్లగా గోడ వైపు జరిగి, పక్కన చోటు చేసింది.

"రా నాయినా," అంది. "పాడకుండా వచ్చీసినావేటి? కూకో."

ఆ చోటులో మేమెవరం కూర్చోలేదు. మామ్మ దుప్పటి మీద అక్కడే చెయ్యి వేసి, నిమురుతూ ఉండిపోయింది.