అనూషకు ఇద్దరు

కరోనా భయం తగ్గిన మరుసటి ఏడాది సంగతి ఇది. నేను భద్రాచలం, మణుగూరు వైపు పిల్లల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌గా తిరుగుతున్నాను. మాది మధిర. అడవిని బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప లోపలికి పోయింది లేదు. దిక్కులేని పిల్లలు ఎక్కడుండాలో తేల్చేది చైల్డ్ వెల్ఫేర్ కమిటీ. పేరుకు కమిటీయే గానీ పని కోర్టు పనే, వాయిదాలూ ఉంటాయి. పిల్ల వెళ్ళబోయే ఇంటికి ముందుగా వెళ్ళి, అక్కడి మనుషుల్ని చూసి వచ్చి చెప్పడం నా వంతు. దాన్ని మేం హోమ్ స్టడీ అంటాం.

అనూషకు అప్పుడు ఆరేళ్ళు. తండ్రి లేడు. మిరపకాయ కోతకు ఊరు విడిచి వచ్చిన తల్లి జ్వరంతో దవాఖానాలో చనిపోయింది. అడవి పల్లెలో ఉన్న అమ్మమ్మ ముత్తమ్మకు కబురంది, పిల్ల ఎక్కడుందో తెలుసుకునేసరికి వానాకాలం గడిచిపోయింది. అప్పటికే కమిటీ అనూషను మణుగూరులో సువార్త అనే ఆమెకు ఫోస్టర్ కేర్ కింద అప్పగించింది. అంటే దత్తత కాదు. సొంతవాళ్ళ సంగతి తేలేదాకా మరో ఇంట్లో ఉంచి పెంచడం. సువార్త ఇంట్లోనే బట్టలు కుడుతుంది, భర్తది బొగ్గు గనిలో పని, పిల్లల్లేరు. ఆమె అనూషకు అమ్మ అయిపోయింది. మాట వరసకు కాదు, నేను కళ్ళారా చూశాను.

ముత్తమ్మ పిల్ల కావాలని వచ్చాక జరిగిన మొదటి వాయిదాకు హాల్లో ఒక పక్క ఆమె, ఇంకో పక్క సువార్త కూర్చున్నారు. కమిటీ పెద్ద ఒక రిటైరైన హెడ్మాస్టరు. మంచివాడు. ఆ మంచితనంతోనే చేయరాని పని చేశాడు. పిల్లను దగ్గరికి పిలిచి, అందరి ముందూ, "నీకు ఎవరి దగ్గర ఉండాలనుంది బిడ్డా?" అని అడిగాడు.

అనూష అవ్వను చూసింది, సువార్తను చూసింది. ఆయన కుర్చీ గట్టిగా పట్టుకుని, "నేను ఈడనే ఉంట సార్," అంది.

హాల్లో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరిలో ఎవరినీ నొప్పించలేక ఆ పసిది ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య, ఆఫీసులో ఉంటానంటే అందులో నవ్వేదేముంది?

తర్వాతి వాయిదాలకు ముత్తమ్మ రాలేదు. "అంత ప్రేమే ఉంటే వాయిదా తప్పుతుందా?" అన్నారు ఒక సభ్యురాలు. ఇక అనూషను సువార్త దగ్గరే ఉంచేద్దామన్న మాట మొదలైంది. నేను ఆ ఊరికి పోయి చూసి వస్తాను, అప్పటిదాకా ఆగండని బతిమాలుకున్నాను.

పర్ణశాల దాటి చాలా లోపలికి పోవాలి. అంగన్‌వాడీ టీచర్ తోడు వచ్చింది. మేం తెల్లవారుజామునే చేరినా ఊళ్ళో నరపురుగు లేదు. అంతా ఇప్పపువ్వుకు పోయారు. రాత్రి రాలిన పువ్వును పశువులు తినకముందే ఏరుకోవాలి. ఏడాది మొత్తంలో ఆ కొద్ది వారాలే పువ్వు, దాన్ని ఎండబెట్టి అమ్మితేనే ఇల్లు గడిచేది. ఆమె తప్పిన వాయిదాలన్నీ సరిగ్గా ఆ వారాల్లోనే పడ్డాయి.

ముత్తమ్మ ఒక చెట్టు కింద వంగి ఏరుతోంది. "వాయిదాకు ఎందుకు రాలేదు అవ్వా?" అన్నాను.

"పువ్వు నా కోసం ఆగుతదా అమ్మా? ఇది పాయెనంటే, పిల్ల ఇంటికొచ్చినంక ఏం పెట్టాలె?"

ఆమె పక్కన రెండు గంపలున్నాయి. రెండోది ఎవరిదని అడిగితే, కాస్త దూరంలో ఉన్న మరో ఇప్పచెట్టు చూపించింది. "అది నా బిడ్డ సెట్టు. బిడ్డ పాయినంక ఇగ అనూషదే. దాని పువ్వు వేరుగ పెడుతున్న."

ఆ ఊళ్ళో ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిదని టీచర్ చెప్పింది. పట్టా లేదు, కంచె లేదు. అయినా ఒకరి చెట్టు కింద పువ్వు మరొకరు ముట్టరు. తల్లి పోయాక ఆ చెట్టు అనూషదేనని ఊరంతా అనుకున్నారట. పిల్లకు ఎవరున్నారని మేం వెతుకుతుంటే ఇక్కడ ఊరు ఊరంతా దాని వాటా దానికి ఉంచింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అయినా అడగాల్సింది అడిగాను. "నువ్విట్ల అడవికొస్తే పిల్లను ఎవరు చూస్తారు?"

ముత్తమ్మ నన్ను వింతగా చూసింది. చుట్టూ చెట్ల కింద గుడ్డలు పరుచుకుని పిల్లలు నిద్రపోతున్నారు. "ఎవరు దగ్గరుంటే వాళ్ళు సూత్తరు. గిదేం మాట?" అంది.

తిరిగి వచ్చి చూసిందంతా కమిటీకి చెప్పాను. హెడ్మాస్టరు గారు, "పువ్వు అయిపోనీ అమ్మా, ఈసారి మనమే అటు పోదాం," అన్నారు. అన్నట్టే కమిటీ పర్ణశాల దగ్గర ఒక బడిలో కూర్చుంది, ఇద్దరినీ అక్కడికే పిలిచింది. అనూషతో నేనొక్కదాన్నే వరండాలో మాట్లాడాను. ఎవరు కావాలని అడగలేదు. కబుర్లు చెప్పమన్నాను. అవ్వ ఇంటి కోడిపిల్లల గురించీ, అమ్మ అని పిలిచే సువార్త కుట్టిన గౌను గురించీ ఒకే ఊపున చెప్పింది.

పిల్లను అవ్వకు అప్పగించాలని కమిటీ తేల్చింది. ఒక్కసారిగా కాదు, సెలవుల్లో అటు కొన్నాళ్ళు, ఇటు కొన్నాళ్ళు ఉంచి మెల్లగా.

అది వినగానే సువార్త బడి మెట్ల మీద కూలబడింది. "అన్నం తినిపించిన, జ్వరమొస్తే పక్కనే కూసున్న. ఇప్పుడు నేను దానికి ఏమైత మేడం?" అంది. మా చట్టంలో పిల్ల వెళ్ళిపోయాక ఫోస్టర్ తల్లికి వరసేమీ మిగలదు.

ముత్తమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "అది నిన్ను అమ్మ అంటది గద?"

"అవ్."

"అననీ. నేను దాని అవ్వనే. రాత్రి ఉలికిపడి అమ్మా అని పిలిస్తే, నేను పలికితె సరిపోతదా? నువ్వు వచ్చుకుంట పోవుకుంట ఉండు."

సువార్త ముసలామె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. గుమ్మంలో నిలబడి వింటున్న హెడ్మాస్టరు గారు లోపలికి పోయి, సువార్త ఎప్పుడైనా వచ్చి పిల్లను చూడవచ్చని ఉత్తర్వులో చేర్పించారు. పిల్లను ఇద్దరి మధ్య నిలబెట్టి ఎవరికివ్వాలా అని ఆలోచించడమే మాకు అలవాటు. ఆ ఇద్దరినీ పిల్లకే ఇవ్వవచ్చని ఆ రోజుదాకా నాకు తోచలేదు.