గొళ్ళెం పడని పెరటి తలుపు

నిన్న పెరట్లో కంద తవ్వుతుంటే గడ్డపార తగిలి పక్కనున్న పచ్చి పసుపు కొమ్ము తెగింది. తడి మట్టితో కలిసిన ఆ ఘాటుకు నా మనవరాలు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం సాయవ్వ వదినె పక్కనే నిలబడి "తెగితె తెగనీ, రెండు మొలుస్తయి" అన్నట్టే అనిపించింది. సాయవ్వ మా ఆయనకు అక్క. ఆమెను చూసినవాళ్ళలో ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఫొటో కూడా లేదు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మోచేతుల దాకా ఎప్పుడూ మట్టి. రూపం గురించి ఇంతకు మించి చెప్పలేను. నాకు బతకడం నేర్పింది మాత్రం ఆమేనని చెప్పగలను.

నేను బాన్సువాడకు కోడలిగా వచ్చేనాటికి నిజాంసాగర్ కాలువ నీళ్ళు కొత్త. ఎక్కడ విన్నా వరి మాటలే, చెరుకు మాటలే. బీర్కూర్ దారిలో ఉన్న మా పొలానికి నీళ్ళు ఎక్కినప్పటి నుంచి మా ఆయన కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఇంట్లో అత్త లేదు, మామ లేడు. పెద్దదిక్కు సాయవ్వ వదినె ఒక్కతే. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటికి ఇంటి వెనక ఒక మామిడిచెట్టూ, దాని చుట్టూ రాళ్ళూ రప్పలూ మాత్రమే ఉండేవట. నేను చూసేసరికి అదొక అడవి. మామిడి నీడలో జామ, సీతాఫలం, మునగ. వాటి కింద నిమ్మ, కరివేపాకు. ఇంకా కింద పసుపు, అల్లం, కంద. గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట చేమ. చెట్ల మీదికి దొండ, బచ్చలి, చిక్కుడు ఎగబాకి, ఏ కాయ ఏ చెట్టుదో తెలిసేది కాదు. కింద కాలు పెడితే పొనగంటి కూర. నేనేమో ఊడ్చిన నేల మీద అన్నం పెట్టుకుని తినేలా ఉండాలనే ఇంట్లో పెరిగాను. వచ్చిన మర్నాడే చీపురు పట్టుకుని పెరట్లోకి దిగాను.

"ఏం జేస్తున్నవ్ పిల్లా?" అంది వదినె.

"ఆకులు ఊడుస్తున్న వదినె. మస్తు చెత్త ఉన్నది."

"అడవిని ఎవలు ఊడుస్తుండ్రు? పడ్డకాన్నే ఉండనియ్. ఎండకాలం చెట్టు కాళ్ళు కాలకుండ కప్పుకున్న గొంగడి అది. నీ గొంగడి ఎవలన్న గుంజుకపోతె ఊకుంటవా?"

చీపురు తీసుకుని మూల పెట్టింది. ఆ పూట పొనగంటి కూరే వండింది. పీకి పారేద్దామనుకున్న దాన్ని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నా ముఖం చూసి ఆమె మూడోసారి అడగకుండానే వేసింది.

కొద్దిరోజులకే ఇంకో వింత చూశాను. మధ్యాహ్నం పడుకుని ఉంటే పెరట్లోంచి వదినె శాపనార్థాలు. "ఎవతే నా అల్లం పీక్కపోయింది! దాని చేతులు పడిపోను! దాని పొయ్యి ఆరిపోను!" నేను లేచి పరుగెత్తాను. వెనక సందులో బీడీలు చుట్టే ఆడమనిషి ఒకతె కొంగులో ఏదో మూటగట్టుకుని పోతోంది. "దొంగ! దొరకబడత ఉండు!" అని తలుపు దాటబోయాను. వదినె నా రెక్క పట్టి ఆపింది.

"ఉరుకకు. దొరుకుతది!"

"దొరకాలెనే గదా వదినె?"

"నీకు దిమాక్ లేదా? అడిగి తెచ్చుకున్న మొక్క అలుగుతది. ఎత్తుకపోయిన మొక్క ఎదుగుతది. తిట్లు తింటె ఇంక మంచిగ పెరుగుతది. పాపం, పోయినసారి తిట్టుడు మరిచిపోయిన, దాని అల్లం కుళ్ళిపోయింది."

మొక్క కావాలనుకున్నవాళ్ళు వెనక తలుపు దగ్గర కూర్చుని కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పేవారు. వదినె కావాలనే అటు తిరిగి దొండకాయలు తెంపేది. మొక్క పోయాక తిట్లు లంకించుకునేది. వీధి వీధంతా ఈ నాటకం తెలిసినవాళ్ళే. తెలియనిది నాకొక్కదానికే.

వెనక తలుపు దగ్గర ఇంత చనువుగా ఉండే మనిషి, పొద్దున్నే ముందు తలుపు దాటేది కాదు. ఎందుకో మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు బయట ముగ్గు వేస్తూ, పిండి అయిపోయిందని వదినెను కేకేశాను. ఆమె గిన్నె తెచ్చి గడప మీద నిలబడింది. అప్పుడే ఎదురింటి దుకాణం రుక్కమ్మ భర్తను దుకాణానికి సాగనంపుతోంది. వదినెను చూడగానే భర్తను రెక్క పట్టి లోపలికి లాగి, తలుపు దగ్గరికి వేసింది. "పొద్దుగాల్నే ముండమోపి ఎదురొచ్చింది. జరసేపు కూసోని పో" అనడం మా ఇద్దరికీ వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. పోయి నాలుగు కడిగేద్దామని లేచాను.

"ఒద్దు పిల్లా," అంది వదినె గిన్నె నా చేతిలో పెడుతూ. "బేరం కాకుంటె ఆమెకు ఫికర్. నాకేంది? నాకు దొడ్డి ఉన్నది గద."

ఆ మాటతో నాకు అంతా తెలిసింది. లోకం లేచి పనులకు పోయేదాకా ఆమె నిలబడటానికి ఉన్న చోటు ఆ పెరడు ఒక్కటే. ఆ చెట్లలో తెల్లవారుజాము నుంచి తిరిగేది. అక్కడ ఎవరికీ ఎదురు రానక్కరలేదు.

లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, రోజుల్లో బెల్లానికి గిరాకీ పెరిగి మా ఆయన చెరుకు ఇంకొంత వేశాడు. ఇంకో జత ఎడ్లను కొన్నాడు. మృగశిర వానలకు అవి ముందు వాకిట్లో తడుస్తుంటే ఆయన ప్రాణం విలవిలలాడింది. ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పాడు.

"అక్కా, దొడ్డి సాఫ్ చేపిచ్చి కొట్టం ఎయ్యాలె. అమాస పోంగనె కూలోళ్ళు వస్తుండ్రు."

వదినె ముద్ద కలుపుతూనే ఉంది. ఆయనే మళ్ళీ అన్నాడు. "నీకు తిండికి తక్కువ జేస్తనా అక్కా? కూరగాయలు అంగట్ల కొనుక్కొస్త."

"తిండి సంగతి నేను అడిగిన్నా తమ్మీ?" అంది. అంతే. చేయి కడుక్కుని లేచింది.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఎడ్ల బాధ ఆయనకు కనబడింది, అక్క బాధ కనబడలేదు. ఆయనతో పోట్లాడతానని వదినెతో అన్నాను. వద్దంది. పోనీ, మొక్కలన్నీ పిలిచి వీధిలో వాళ్ళకు ఇచ్చేద్దామన్నాను.

"ఇచ్చేటందుకు నాదా? జాగ వానిది. నాది గానిది నేనెట్ల ఇస్త?" అంది. తర్వాత ఆమె కళ్ళలో ఒక కొంటెతనం కదిలింది. "ఇగ ఎవలన్న ఎత్తుకపోతె నేనేం జేత్తును?"

మర్నాడు మూట కట్టుకుని బీర్కూర్‌లో చిన్నమ్మ దగ్గరికి బయల్దేరింది. వెనక సందులో ప్రతి తలుపు దగ్గరా ఆగి, ఊరంతా వినేలా చెప్పింది. "నేను ఊరికి పోతున్న. మా దొడ్డి తలుపుకు గొళ్ళెం సరిగ పడ్తలేదు. పిల్ల ఒక్కతే ఉన్నది. ఎవలు వచ్చినా దానికి తెల్వదు. జర చూసుకోండ్రి!" చివర్లో నా వైపు తిరిగి, "నువ్వు ఇసుర్రాయి కాడ కూసో. గట్టిగ తిప్పు" అంది.

తిప్పాను. జొన్నలు, తర్వాత పెసలు, చేతికి దొరికినవన్నీ విసిరాను. మా ఆయన పొలం పోయిన వేళ చూసుకుని ఆడవాళ్ళు గంపలతో వచ్చారు. మట్టిగడ్డతో సహా నిమ్మ మొక్కలు పోయాయి. కంద పోయింది, చేమ పోయింది, తీగలు కొమ్మలుగా తెగి కొంగుల్లో పోయాయి. ఒకసారి కిటికీలోంచి తొంగి చూసి విసరడం మరిచిపోయాను. ముఖం నిండా కొంగు కప్పుకుని దుకాణం రుక్కమ్మ! మా పెరట్లో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. పసుపు మొక్కలు తవ్వుకుని, ఒక దొండ తీగ చుట్ట చుట్టుకుని, చెప్పులు మట్టిలోనే వదిలేసి పరుగెత్తింది.

సాయంత్రం మా ఆయన గుంతలు చూసి నిలబడిపోయాడు. "పందులు పడ్డయా?"

"పందులే గావచ్చు," అన్నాను.

రుక్కమ్మ చెప్పుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. సేద్యగాడికి పంది తవ్విన గుంత తెలియదా? కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. కూలీలు వచ్చినప్పుడు మాత్రం మామిడిచెట్టు మీద గొడ్డలి పడనివ్వలేదు. ఎడ్లకు నీడ కావాలన్నాడు.

వదినె తిరిగొచ్చేసరికి కొట్టం లేచింది. కాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను ఊరడించలేదు. మర్నాడు తెల్లవారుతూనే, పెరడు లేదు కనుక, ముందు తలుపు తీసింది. నడివీధిలో నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, గొంతు విప్పింది.

"ఎవతులే నా దొడ్డి దోచుకపోయింది! మీ చేతులు పడిపోను! మీ పొయ్యిలు ఆరిపోను!"

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎదురొచ్చిందని ఒక్క తలుపూ మూసుకోలేదు. ఆ తిట్లు ఎంతమందికి కావలసి ఉన్నాయో వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది.

నాలుగు రోజులకు, ఇంకా పొద్దు పొడవకముందే, రుక్కమ్మ వచ్చి మా గడప ముందు నిలబడింది. "సాయవ్వక్కా, జర వచ్చి చూడు. దొండ తీగ వాడిపోతుంది."

"ఎక్కడిదే నీకు దొండ తీగ?"

"మా అవ్వగారింటి నుంచి తెచ్చుకున్న," అని పుట్టింటి మీద పెట్టింది.

వదినె వెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. సరిగ్గా అప్పుడే రుక్కమ్మ భర్త దుకాణం తాళాలు పట్టుకుని బయటికొస్తున్నాడు. వదినె అలవాటుగా గోడ వారకు ఒదిగింది. "నువ్వు రా అక్కా," అని రుక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుని భర్త ఎదురుగానే లోపలికి నడిపించింది. వదినె పాదు దగ్గర కూర్చుని మట్టి వాసన చూసి, "మీ అవ్వగారింటి మట్టి అచ్చం మా దొడ్డి మట్టి లెక్కనే ఉన్నదే" అంది. రుక్కమ్మ పగలబడి నవ్వింది.

ఆ తర్వాత వదినెకు ఇంట్లో నిలిచే తీరిక లేకపోయింది. ఒక ఇంట్లో కందకు నీడ సరిపోదు, ఇంకో ఇంట్లో నిమ్మకు పురుగు. తెల్లవారకముందే పిలుపులు వచ్చేవి. వెనక సందు నుంచి పోతుందేమోనని నేను చాలాసార్లు చూశాను. పోలేదు. చనిపోయేదాకా ముందు తలుపు నుంచే తిరిగింది.

చాలా ఏళ్ళ తర్వాత మా ఆయన పోయాడు. కర్మలన్నీ అయిన మర్నాడు మా పుట్టింటి నుంచి వచ్చిన చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి, మంచిమాటగానే చెప్పింది, పొద్దెక్కేదాకా వెనక తలుపు నుంచి పోతే బాగుంటుందని. ఆమె మాట పూర్తయ్యేదాకా విన్నాను. మరుసటి రోజు వీధి అప్పుడప్పుడే లేస్తుండగా ముందు తలుపు తీసి బయటికి నడిచాను. ఎదురింట్లోంచి రుక్కమ్మ కొడుకు దుకాణానికి బయల్దేరుతున్నాడు.  నేను గోడ వైపు ఒదగలేదు.

"ఎటు పోతున్నవ్ అవ్వా?" అన్నాడు.

"ఊకెనే," అన్నాను.

సాయవ్వ వదినెకు ఆ గడప దాటడానికి సగం జీవితం పట్టింది. నాకు ఒక్క పొద్దు కూడా పట్టలేదు.