యువరాజు కోసం ఉపవాసం

ఫోన్లో సీరియల్ చూసి ఒక పెద్దావిడ ప్రాణం మీదికి తెచ్చినవాణ్ణి నేను. ఆ కథ చెప్పాలంటే ఇప్పటికీ నాకు నీరసం వస్తుంది. మీరు కూర్చుని వినండి, నేను పడుకుని చెబుతాను.

అప్పట్లో మా ఊరు ధవళేశ్వరంలోనే కాలవల ఆఫీసులో కొత్తగా చేరాను. పెళ్లి కాలేదు. ఇంటికొస్తే ఫోనే లోకం, ఆ ఫోన్లో ఒక రాజ్యం. అందులో మంత్రగత్తెలు, ఎగిరే గుర్రాలు, అందరినీ నమ్మే ఒక వెర్రిబాగుల యువరాజు. ఆ ఏడాదికి చివరి భాగం ఆదివారం పొద్దున్నే వచ్చింది. చర్చికి వెళ్లేలోపు చూసేద్దామని కూర్చున్నాను. సవతి తల్లి పాలలో విషం కలిపింది. యువరాజు గటగటా తాగి పడిపోయాడు. మిగతాది వచ్చే ఏడాది అని అక్షరాలు పడ్డాయి.

అదే మొహంతో చర్చికి వెళ్లి, చివరి వరసలో కూర్చుని ఏడ్చాను. ఆ కథ రాసినవాడు ఈపాటికి హాయిగా ఇడ్లీ తింటూ ఉంటాడు. కందకు లేని దురద ఈ కత్తిపీటకెందుకో నాకు తెలియదు.

మా చర్చిలో కష్టం ఉన్నవాళ్లు లేచి చెబితే అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. పాస్టరు అయ్యగారి చూపు నా మీద పడింది.

"ఏంటి దాసూ, కళ్లు అలా వాచిపోయాయి?"

సీరియల్ అని చెప్పడానికి నోరు రాలేదు. "బాగా కావలసిన కుర్రాడండి. విషం పెట్టేశారండి. తెలివిలో లేడండి" అన్నాను.

"అయ్యో. ఎవరు పెట్టారు?"

"సవతి తల్లండి."

చర్చంతా నిట్టూర్చింది.

"మనం వెళ్లి చూసొద్దామా?"

"లోపలికి ఎవర్నీ రానివ్వరండి" అన్నాను. అది నిజమే, కోట చుట్టూ మొసళ్లున్నాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. నాది అతికింది గానీ, మళ్లీ ఊడి రాలేదు.

అంతలో సుందరమ్మ మామ్మగారు కర్ర ఊతగా లేచారు. చిన్నప్పుడు సండేస్కూల్లో నాకు వాక్యాలు నేర్పింది ఆవిడే. ఇప్పుడు షుగరు మనిషి, వేళకి తినకపోతే కళ్లు తిరుగుతాయి.

"ఆ బిడ్డ కళ్లు తెరిచేదాకా నేను ముద్ద ముట్టనండి అయ్యగారూ" అన్నారు.

ఆ బిడ్డ కళ్లు తెరిచేది వచ్చే ఏడాది.

"వద్దండి మామ్మగారూ, మీకు షుగరు."

"నా షుగరు దేవుడు చూసుకుంటాడు. నువ్వు ఆ కుర్రాణ్ణి చూసుకో."

సాయంత్రానికి మామ్మగారు మంచం ఎక్కారని తెలిసింది. పరుగెత్తాను. కోడలు అన్నం కంచం పట్టుకుని బతిమాలుతోంది. ఆవిడ మొహం వాడిపోయి ఉంది. నిజంగా భయం వేసింది నాకు. కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను.

మామ్మగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"అయితే కుర్రాడు లేడా?"

"ఫోన్లో ఉన్నాడండి."

"విషమో?"

"అదీ ఫోన్లోనేనండి."

"సిగ్గు లేదురా నీకు" అని కంచం అందుకున్నారు. నాలుగు ముద్దలు లోపలికి వెళ్లాక నాకు ఊపిరాడింది. చెయ్యి కడుక్కుని, "ఏదీ, ఆ సవతి తల్లి మొహం చూపించు" అన్నారు.

చూపిస్తే పీడ వదిలిపోతుందనుకున్నాను. ఆవిడ మొదట్నుంచీ పెట్టమన్నారు. ఆ వారమంతా ఆఫీసు అవగానే వెళ్లి ఫోన్ పట్టుకుని కూర్చోవడమే నా ఉద్యోగం. అది పరభాష సీరియల్, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో చెప్పాలి. "ఆగాగు, వీడు ఎవరి కొడుకు?" అంటే వెనక్కి తిప్పాలి. చివరి భాగం నాడు ఇద్దరం ఏడ్చాం. ఆవిడ బాధతో ఏడ్చారు, నేను చెయ్యి నొప్పితో.

మళ్లీ ఆదివారం, అందరి ముందూ తప్పు ఒప్పుకుందామని చర్చికి వెళ్లాను. నేను లేచేలోగా మామ్మగారు లేచారు.

"అయ్యగారూ, ఆ కుర్రాడికి ఇంకా తెలివి రాలేదండి. ప్రార్థన ఆపకండి."

"మీరు చూశారా మామ్మగారూ?"

"ఈ కళ్లతో చూశానండి. వాళ్ల నాన్న ఉత్త చవట. ఆయన్ని కూడా ప్రార్థనలో పెట్టండి."

"ఎప్పటికి తేలుతుందన్నారు?"

"వచ్చే ఏడాదంటున్నారండి."

అయ్యగారు కళ్లు మూసుకున్నారు. చర్చంతా తల వంచింది. ఆ వంచిన తలతోనే నేను ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో అన్ని భాగాలూ వచ్చేదాకా ఏ సీరియలూ ముట్టను, ముట్టినా ఆదివారం ముట్టను, ఆదివారం ముట్టినా చర్చిలో మాత్రం ఏడవను.

ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా నేనే అన్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కుర్రాడు మంచివాడు.