మేస్త్రి పలికిన మూడో ఆమెన్

అతను లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ముప్పై రెండేళ్లుగా ఒకే షెడ్డు, ఒకే మిషన్. ఇనుప కడ్డీలకు మరలు కోస్తాడు. వెంట్రుక మందం తేడా వచ్చినా ఆ ముక్కను తుక్కులో పడేస్తాడు. షెడ్డులో అతన్ని మేస్త్రి అంటారు. చర్చిలో ఆమెన్ మేస్త్రి అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. మిషన్ హోరు మీద మాట్లాడి మాట్లాడి అతని గొంతు పెద్దదైంది. పాస్టరుగారు ప్రార్థన ముగించగానే ముందు వరస నుంచి అతని ఆమెన్ లేస్తుంది. దాని వెనకే మిగతా అందరిదీ. ఒక ఆదివారం జలుబు చేసి అతని గొంతు పూడుకుపోయింది. ప్రార్థన అయిపోయాక కూడా జనం కళ్లు మూసుకునే ఉన్నారు.

"నువ్వు గడియ వేయందే మా తలుపు మూసుకోదయ్యా," అని పాస్టరుగారు నవ్వారు.

మేస్త్రికి ఒక్కడే కొడుకు. మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. పెళ్లికైనా సభకైనా, ఎవరు పిలిస్తే వాళ్లకు. ఎన్నికల రోజుల్లో తండ్రి అడిగాడు.

"మనది ఏ పార్టీరా?"

"మనది ఆంప్లిఫయర్ పార్టీ నాన్నా. ఎవడు అరిచినా ఒకేలా వినిపిస్తుంది."

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండు పార్టీల ఊరేగింపులు ఒకే కూడలికి వచ్చాయి. ఎవరూ దారి ఇవ్వలేదు. రాళ్లు లేచాయి. వ్యాను మీద నిలబడి తెగిన వైరు కలుపుతున్న కొడుకు కణతకు ఒక రాయి తగిలింది. ఆసుపత్రికి చేరేలోగా అయిపోయింది.

మేస్త్రి ఏడవలేదు. షెడ్డుకు వచ్చి చెప్పినవాణ్ణి "ఏ రాయి?" అని అడిగాడు. అతను ఏదో చెప్పబోయాడు. మేస్త్రి మళ్లీ "ఏ రాయి?" అన్నాడు.

మర్నాడు ఉదయం అంత్యక్రియలకు వెళ్లేసరికి చర్చి గేటుకు బ్యానరు కట్టి ఉంది. దాని మీద కొడుకు, పక్కన ఒక పార్టీ నాయకుడు. కొడుకు బాప్తిస్మం తీసుకున్న రోజు తీసిన ఫోటో అది. తెల్ల చొక్కా, తడి జుట్టు. మెడలో ఎన్నడూ వేసుకోని పార్టీ కండువా ఎవరో అతికించారు. మేస్త్రి భార్య దాన్ని చాలాసేపు చూసింది.

"వీడు మనవాడేనా?" అంది.

మేస్త్రి లోపలికి వెళ్లి బ్యానరు తీయించమన్నాడు. పాస్టరుగారు నేల చూపులు చూశారు. హాలు పైకప్పు ఆ నాయకుడు వేయించిందే.

"రెండు నిమిషాలు మాట్లాడతాడట కూడా. కాదనలేకపోయాను."

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. శవపేటిక దగ్గర దేవుడి గురించి, పోయినవాడి గురించి తప్ప మాట్లాడరు. ఎవరివల్ల పోయాడన్నది గేటు బయట. మాట్లాడేవాళ్లు ప్రార్థన కూడా చేయాలి. నాయకుడికి ఎవరో ఇది చెప్పినట్టున్నారు. అతను నేరుగా ప్రార్థనే మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుని, చేయెత్తి.

"తండ్రీ, ఈ తల్లి కన్నీళ్లు చూడు."

మేస్త్రి ఆమెన్ అన్నాడు. హాలంతా ఆమెన్ అంది.

"ఈ బిడ్డ రక్తం వృథా కాకూడదు."

ఆమెన్.

"రాయి విసిరిన వీధి కూడా ఏడవాలి."

ఆమెన్.

మూడోది అన్నిటికంటే గట్టిగా వచ్చింది. పాస్టరుగారు కళ్లు తెరిచారు. మేస్త్రి భార్య అతని మోచేయి పట్టుకుంది. అప్పటికే హాలంతా ఆ మాట అనేసింది.

మధ్యాహ్నానికి ఆ ప్రార్థన వీడియో ఫోన్లలోకి ఎక్కింది. అందులో శవపేటిక లేదు. నాయకుడి చేయి, మేస్త్రి నోరు. వెనక సంగీతం కలిపారు. పొద్దు ఉండగానే కొందరు ఎదుటి పార్టీవాళ్లు ఎక్కువగా ఉండే వీధికి వెళ్లారు. అక్కడ ఒక ఇస్త్రీ దుకాణానికి ఆ పార్టీ జెండా గుడ్డ ఎండకు అడ్డంగా కట్టి ఉంది. వాళ్లకు అది చాలింది. బల్ల తిరగేశారు. బొగ్గుల ఇస్త్రీ పెట్టె మూత ఊడి నిప్పులు ఇస్త్రీ అతని కాళ్ల మీద పడ్డాయి.

శవపేటికలో కొడుకుకు తొడిగిన చొక్కా ఆ ఉదయం ఇస్త్రీ చేసింది అతనే.

షెడ్డులో తోటివాళ్లు ఓదార్చారు.

"అలవాటులో వచ్చేసిందిలే మేస్త్రీ. నిద్రలో కూడా అంటావని వదినే చెప్పింది," అన్నాడు వెల్డరు.

"పాస్టరు తుమ్మినా అనేస్తాడు," అన్నాడు ఫిట్టరు, నవ్వించాలని.

మేస్త్రి మిషన్ ఆపాడు. "మొదటిది అలవాటే. మూడోది కాదు."



ఇంట్లో భార్యకూ అదే చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకూ అనాలనిపించింది. నోరు పెగల్లేదంతే," అంది. "వెళ్లి ఆ ఇస్త్రీ అతనికి చెప్పిరా," అంది.

"ఏమని?"

"అనాలనే అన్నానని."

ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం. ఇస్త్రీ అతని భార్య అడ్డంగా నిలబడింది.

"చూసి మురిసిపోదామని వచ్చావా అన్నా? నీ ఆమెన్ మా ఫోన్లోనూ ఉందిలే."

"లేదమ్మా." మేస్త్రి ఆమె భుజం మీదుగా మంచం వైపు చూశాడు. "పొరపాటున అన్లేదు తమ్ముడూ. మీ వీధి ఏడవాలనే అన్నాను. నన్ను క్షమించు."

ఇస్త్రీ అతను భార్యను నీళ్లు తెమ్మని పంపించాడు. ఆమె అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగాడు.

"ఆ రోజు కూడలిలో నేనూ ఉన్నానన్నా. నేనూ వేశాను. రెండు రాళ్లు. ఎవరిది తగిలిందో ఎవడికీ తెలీదు. నాది కాకపోవచ్చు. అయ్యుండొచ్చు. మర్నాడు మీవాడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే చేతులు ఆడలేదు."

మేస్త్రి చేయి మంచం కమ్మీ మీద ఉంది. అది అలాగే ఉండిపోయింది. పక్క మంచం దగ్గర ఎవరో దగ్గుతున్నారు. మేస్త్రికి ఆ దగ్గేవాడి నోరు కదలడమే కనిపించింది, చప్పుడు వినిపించలేదు.

"నిన్ను క్షమించానన్నా," అన్నాడు ఇస్త్రీ అతను. "మరి నన్ను?"

మేస్త్రి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. తప్పు చేసినవాళ్లను క్షమిస్తున్నామని ప్రతి ఆదివారం అందరికంటే గట్టిగా దేవుడికి చెప్పిన గొంతు అది. ఆ మాటకు ఎదురుగా ఒక మనిషి ఉంటాడని అతనెప్పుడూ అనుకోలేదు.

తలుపు దాకా వెళ్లాడు. వెనక్కి వచ్చాడు.

"ఇవాళ రాదు. అబద్ధం చెప్పలేను. రేపు వస్తాను."

"రేపు వస్తుందా ఆ మాట?"

"తెలీదు. నేనైతే వస్తాను."

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. షెడ్డు నుంచి నేరుగా, చేతులకు గ్రీజు మరకలతోనే. పెద్దగా మాటలుండేవి కావు. నర్సు కట్టు మారుస్తుంటే తల తిప్పుకునేవాడు. ఇస్త్రీ అతని భార్య మొదట్లో కుర్చీ లాగేసుకునేది. తర్వాత ఊరుకుంది.

ఒక రోజు నాయకుడి మనుషులు ఇంటికి వచ్చారు. సభలో ముందు కూర్చుంటే చాలట. నాయకుడు మాట్లాడాక ఒక్క ఆమెన్ అంటే చాలట.

"గొంతు పోయింది," అన్నాడు మేస్త్రి, వాళ్లు అదిరిపడేంత గట్టిగా.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఇస్త్రీ అతను అడిగాడు.

"ఇవాళైనా వచ్చిందా అన్నా?"

"లేదు."

"మరి రోజూ ఎందుకొస్తున్నావు?"

మేస్త్రి కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"నిన్ను చూడగానే రాయే కనిపిస్తోంది తమ్ముడూ. రోజూ అంతే. ఇవాళ మాత్రం ముందు నీ కాళ్లు కనిపించాయి."